చింతపండు రంగు బేస్ కోసం కర్దనూర్ దాకా

మా ఏలూరులో ఎవరైనా ఊరు వెళ్లొస్తే "మాకేం తెచ్చావ్?" అని అడగకుండా వదిలిపెట్టరు. నేను మొన్న పటాన్‌చెరు వైపు వెళ్లొచ్చాను. స్వీట్లు తేలేదు, చీరలు తేలేదు. నాలుగు తీగలు బిగించిన నాలుగున్నర కేజీల చెక్క ఒకటి భుజాన వేసుకుని రిక్షా దిగాను. మా వీధి ఆడవాళ్లు "ఇందుకా అంత దూరం పోయింది!" అని బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనివ్వండి. నా నలభై ఏడేళ్లలో ఇంత సంబరంగా ఏ ఊరి నుంచీ తిరిగి రాలేదు.

నా పేరు సరళ. జాకెట్లు కుట్టే కొట్టు నడుపుతాను. పెళ్లిళ్ల రోజుల్లో ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తాను. బేస్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక్క ముక్క: పాటలో మీరు వినేది మిగతా వాయిద్యాలను, మీ కాలు ఆడించేది బేస్. అది ఉన్నట్టు ఎవరికీ తెలియదు, ఆగిపోయినప్పుడు మాత్రం "ఏంటి, పాట చప్పబడింది?" అంటారు. ఇరవై రెండేళ్లుగా నేను వాయిస్తున్నది ఆర్కెస్ట్రా వాళ్ల బేసే. చివరి పాట అయిపోగానే దాన్ని పెట్టెలో పడేసి, తాళం వేసి, ఓనరు పట్టుకుపోతాడు. ఇంట్లో సాధన చేయాలంటే నాకు కుట్టు మిషన్ బల్లే గతి. దాని అంచు మీద నా వేళ్లు తిరిగి తిరిగి అక్కడ రంగు పోయింది కూడా. నాదంటూ ఒకటి ఉండాలన్న కోరిక ఎంత పాతదో ఆ బల్లనడిగితే చెబుతుంది.

మాలాంటి పిచ్చివాళ్లకు ఫోన్‌లో ఒక గ్రూపుంది. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, కొనలేక బొమ్మలు చూసి లొట్టలేసేవాళ్లు అందులో ఉంటారు. నేను మూడో రకం. ఆ గ్రూపులో ఒక కట్టుబాటు ఉంది. అమ్మకానికి బొమ్మ పెట్టగానే ఎవరు ముందు "నాది" అని రాస్తే వాళ్లకు రెండు రోజుల గడువు. ఆ రెండు రోజుల్లో స్వయంగా వెళ్లి, చేత్తో పట్టుకుని, వాయించి చూసి, "తీసుకున్నా" అని రాయాలి. అంతవరకు ఎంత డబ్బున్నవాడైనా నోరెత్తకూడదు, అమ్మేవాడు మాట తప్పకూడదు. గడువు దాటితే మాత్రం వరసలో రెండోవాడిది.

శుక్రవారం సాయంత్రం సరిగ్గా ఆరింటికి ఒక బొమ్మ వచ్చింది. పాత జపాన్ బేస్. రంగు నానబెట్టిన చింతపండు రంగు. కింద అమ్మే మనిషి ఇలా రాశాడు: "కర్దనూర్ మల్లేశం. మెడ వంకరున్నట్టుంది. పై మెట్ల మీద శ్రుతి తప్పుతది. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. ఇరవై అయిదు వేలు." పళ్ల మధ్య సూది పట్టుకునే "నాది" అని కొట్టేశాను. మెట్లంటే మెడ మీద వేళ్లు నొక్కే గళ్లు; పెళ్లి పాటలకు కిందివి చాలవా? నా వెనకే రెండో "నాది" పడింది. అది హైదరాబాద్‌లో ఒకాయనది. ఆయన గోడకు పద్నాలుగు బేస్‌లు తగిలించుకున్నాడు. ఒక్కటీ వాయించడు, తుడిచి బొమ్మలు పెడతాడు. మేమంతా ఆయన్ని గోడాయన అంటాం. ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా నేను "తీసుకున్నా" అని రాయకపోతే, ఆ చింతపండు పదిహేనో మేకుకు వేలాడుతుంది.

దిగాల్సింది ముత్తంగి, దిగింది సంగారెడ్డి

రైలు సంగతి ఎందుకులెండి, రైలు రైల్లాగే ఉంది. లింగంపల్లి నుంచి బస్సెక్కి ముత్తంగిలో దిగాలి. శుక్రవారం రాత్రంతా నిద్ర పడితేగా? బస్సు సీట్లో పట్టేసింది. కళ్లు తెరిచేసరికి కండక్టరు "సంగారెడ్డి, సంగారెడ్డి, జల్దీ దిగుర్రి" అంటున్నాడు. శనివారం మధ్యాహ్నం రెండయింది. వెంటనే మల్లేశానికి ఫోన్ చేశాను.

"ఏం పరేషాన్ కాకు అక్కా" అన్నాడు. "ఇయ్యాల నాకు సెకండ్ షిఫ్టున్నది. ఎట్లైనా రేపే కలుద్దుము. ఆడనే ఉండి పొద్దుగాల రా."

అలా చూడాలనుకోని సంగారెడ్డి చూశాను. ఏడువందలకు లాడ్జిలో గది తీసుకుని, ఆకలేసి బజారుకొచ్చాను. ఒకావిడ రోడ్డు పక్కన రొట్టెలు చేస్తోంది. జొన్నపిండి ముద్దను అరచేతుల మధ్య తిప్పుతూ చప్పట్లు కొడితే అది చందమామంత అయ్యేది. రొట్టె ఇరవై రూపాయలు, నంజుకోవడానికి ఎల్లిపాయ కారం ఊరికే. మేము గోదారి కాలవ నీళ్లు తాగినవాళ్లం, అన్నం కాకపోతే తిండే కాదనుకుంటాం. రెండు రొట్టెలు తిన్నాక కడుపు ఆ మాట వెనక్కి తీసుకుంది.

"యాడి నుంచి వచ్చినవ్ అక్కా?" అంది.

"ఏలూరండీ."

"ఏం పని మీద?"

"గిటార్ కొనుక్కోడానికి."

"కొడుక్కా?"

"నాకే."

చేతిలో రొట్టె ఆపి నన్ను కిందికీ పైకీ చూసింది. "నువ్వు వాయిస్తవా? సినిమాలల్ల తిప్పుకుంట వాయిస్తరు, గదేనా?"

"అది కాదు. బరాత్‌లో మీ గుండె మీద దబదబ కొడుతుంది చూడండి, ఆ చప్పుడు."

"అబ్బా, గదా! గది లేకుంటే కాలు లేస్తదా?" అని మూడో రొట్టె నా విస్తట్లో వేసింది. డబ్బులివ్వబోతే, "పో అక్కా, వాయించెటోళ్ల కాడ ఏం తీస్కుంటరు" అంది.

ఒక తేడా చెప్పాలి. మా వైపు కొత్తవాళ్లను "మీరు, అండీ" అని పిలుస్తాం. ఇక్కడ ఎవరైనా "నువ్వు" అనే అంటారు. మొదటి గంటలో చురుక్కుమంది, "ఏంటి ఈ చనువు?" అనుకున్నాను. ఆ మూడో రొట్టె తర్వాత మాత్రం మా "అండీ"లో కాస్త దూరం ఉంటుందేమోనని అనుమానం వచ్చింది.

రాత్రి పడుకోబోతుంటే గోడాయన గ్రూపులో మెసేజ్ పెట్టాడు: "సరళగారూ, చేరారా? గడువు రేపు ఆరింటికి." నా మంచి కోరేవాడిలాగే రాశాడు మహానుభావుడు.

ముత్తంగి

ఆదివారం పొద్దున వెనక్కొచ్చి ముత్తంగి జంక్షన్‌లో దిగాను. పైన రింగు రోడ్డు, కింద లారీలు, చుట్టూ గోడౌన్లు. టీ కొట్టు ముందు బెంచీ మీద బీహారు డ్రైవర్లు, ఒడిశా కూలీలు, ఇక్కడి ఆటోవాళ్లు కలిసి కూర్చుని ఎవరి భాషలో వాళ్లు ఒకే రోడ్డు గుంటను తిడుతున్నారు. టీ పదిహేను రూపాయలు, చిక్కగా, పాలు మరిగి మరిగి గోధుమ రంగు తిరిగి ఉంది. మా ఏలూరు టీ దీని ముందు కడుగు నీళ్లు. మా ఊరివాళ్లు నన్ను కొట్టినా సరే, ఆ మాట వెనక్కి తీసుకోను.

కర్దనూర్‌కి ఆటో ఎక్కాను. ఒక పక్క పరిశ్రమల రేకుల షెడ్లు, ఇంకో పక్క ఎవరిదో మొక్కజొన్న చేను. షిఫ్టు దిగినవాడు గేటు దాటి నాలుగడుగులేస్తే చేలో ఉంటాడు.

కర్దనూర్

మల్లేశానికి యాభై పైనే ఉంటాయి. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని, అంటే తిరిగే లోహాన్ని చెక్కి అనుకున్న కొలతకు తెచ్చే పని. చేతులు దిట్టంగా, గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. "మంచిగొచ్చినవా అక్కా, ముందు తినాలె" అన్నాడు. నా కళ్లు లోపలి గదిలో మంచం మీదున్న చింతపండు రంగు మీదే ఉన్నాయి, అయినా తప్పలేదు. ఆయన భార్య పద్మ తలకాయ కూర, పచ్చిపులుసు, వేడి అన్నం పెట్టింది. మా వైపు పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ వేసి, పొయ్యి మొహం చూపించకుండా వడ్డించారు. రెండుసార్లు పోయించుకున్నాను, సిగ్గేముంది.

చేతులు కడుక్కుని దాన్ని ఒళ్లోకి తీసుకున్నాను. ఏం చెప్పను! నా తొడ కోసమే చెక్కినట్టు కూర్చుంది. మెడ వెనక నూనె రంగు అరిగి, ఎవరెవరి అరచేతులో అద్దిన నున్నదనం. నాలుగు తీగలూ వరసగా మీటాను. కిటికీ ఊచలు జుమ్మన్నాయి. ఇదిగో, ఇదే, ఇన్నాళ్లూ నేను బల్ల మీద వెతుక్కున్నది ఇదే అనిపించింది.

కింది మెట్లలో బంగారం. పన్నెండో మెట్టుకు వెళ్లేసరికి మొదలయ్యాయి పాట్లు. తీగను వదిలి మీటితే వచ్చే స్వరమే అక్కడ రెట్టింపు ఎత్తులో రావాలి. రాలేదు. లావు తీగ మీద బాగా ఎక్కువ పలికింది, సన్న తీగ మీద కొద్దిగా.

"సూసినవా?" అన్నాడు మల్లేశం నేలచూపులు చూస్తూ. "నాకైతే తప్పు యాడున్నదో సమజ్ కాలే. నాలుగేండ్లు మా ఫ్యాక్టరోళ్లం కలిసి వినాయక చవితికి వాయించినం. పోయినేడు నుంచి గిట్లయింది. మా కీబోర్డు సుబ్బారావు సార్ అన్నడు, 'మల్లేశం, నీ చెవులు మిషన్ల చప్పుడుకు పోయాయయ్యా, తప్పు స్వరం నీకు తెలుస్తలేదు' అని. ముప్పై ఏండ్లు లేత్ కాడ నిలవడ్డ. నిజమే కావచ్చు. ఇగ ఆ దినం నుంచి ముట్టలే."

"మరి మెడ వంకరని రాశారుగా?"

"చెవులు పోయినయని ఎట్ల రాయాలె అక్కా, అందరు సూస్తరు."

నా సంచిలో దారపు ఉండ ఎప్పుడూ ఉంటుంది. ఒక పోగు తీసి మెడ పొడవునా లాగి పట్టి చూశాను. వంకర లేదు, మెడ నిటారుగా ఉంది. అప్పుడు కింద బ్రిడ్జి వైపు చూశాను. బ్రిడ్జి అంటే తీగలు కింది కొసన ఆనుకునే చోటు. అక్కడ నాలుగు ఇత్తడి దిమ్మలు, ఒక్కో తీగకు ఒక్కటి, అద్దంలా మెరుస్తున్నాయి.

"ఇది కంపెనీది కాదు కదా?"

మల్లేశం మొహం వెలిగింది. "నేనే జేసిన! పాతది పోయినేడు తుప్పు వట్టింది. ఇత్తడి ముక్క నుంచి నేనే కోసిన, మరలు గూడ నేనే జేసిన. కంపెనోడు నాలుగిటినీ అడ్డదిడ్డం పెట్టిండక్కా, ఒకటి ముంగట, ఒకటి ఎన్కకు. సూస్తే తలకాయ తిరిగింది. నేను వెర్నియర్ పెట్టి కొలిచి నాలుగిటినీ ఒక్క లైన్ల తెచ్చిన. సందుల వెంట్రుక పట్టదు."

పట్టలేదు నిజంగానే. నాలుగు దిమ్మలూ గీత గీసినట్టు ఒకే వరసలో ఉన్నాయి. జబ్బంతా అక్కడే ఉంది! తీగ లావయ్యేకొద్దీ దాని దిమ్మ కాస్త వెనక్కి జరగాలి, అప్పుడే పై మెట్లలో శ్రుతి నిలుస్తుంది. కంపెనీవాడు "అడ్డదిడ్డంగా" పెట్టింది అందుకే. ఈ మహా పనిమంతుడు దాన్ని సరిచేసి పాడుచేశాడు. వెంట్రుక సందు లేకుండా కోయగల మనిషి కాబట్టే ఈ తప్పు చేయగలిగాడు.

ఇక్కడ నా బుద్ధి గురించి దాచకుండా రాస్తాను. నోరు మూసుకుంటే ఆ బేస్ నాది. ఇరవై అయిదు వేలు చేతిలో పెట్టి, "తీసుకున్నా" అని రాసి, ఇంటికెళ్లి మరలు తిప్పుకుంటే చాలు. చెబితే? బాగుపడిన బేస్‌ను ఏ పిచ్చివాడు అమ్ముకుంటాడు? మాటకు కట్టుబడి ఇచ్చినా, ఆ చూపు భరించగలనా? ఒళ్లో దాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. ఆశ అంత పని చేయిస్తుంది మనిషిచేత. ఫోన్ టింగుమంది. గోడాయన: "ఇంకా మూడు గంటలే."

మల్లేశం తన కుడి చెవిని చూపుడువేలితో రుద్దుకుంటున్నాడు. అది చూడగానే నా వల్ల కాలేదు.

"మల్లేశం, మీ చెవులకేం కాలేదు" అన్నాను. "మీ ఇత్తడిలో ఉంది తప్పు."

వినగానే పౌరుషం వచ్చింది మనిషికి. "ఏంది? నా పనిల తప్పా? కొలిచి సూపించాల్నా?"

"కొలత తప్పలేదు. చూడండి, జాకెట్టు చంక కోత ముందు వైపు లోతుగా, వెనక వైపు తక్కువగా కోస్తాం. రెండూ సమానంగా కోస్తే కొలతకు ముచ్చటగా ఉంటుంది, చెయ్యి మాత్రం పైకి లేవదు. మీరు సమానంగా కోశారు, అంతే."

పద్మ వంటింట్లోంచి "ఔ, నిజమే" అంది.

సంచిలోంచి మా కుట్టు మిషన్ చిన్న స్క్రూడ్రైవర్ తీశాను. ఆయన మరలకు అది సరిగ్గా పట్టింది. లావు తీగ దిమ్మను కొంచెం వెనక్కి, శ్రుతి సరిచేసి, పన్నెండో మెట్టు మీద మీటి, మళ్లీ కొంచెం వెనక్కి. తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. ఫోన్‌లో శ్రుతి చూపే ముల్లు నడిమికి వచ్చి ఆగేదాకా తిప్పాను. దిమ్మలు ఒకదాని వెనక ఒకటి మెట్లలా జరుగుతుంటే మల్లేశం పళ్లు పటపటలాడించాడు, పాపం. అరగంట పట్టింది.

బేస్ ఆయన చేతిలో పెట్టాను. భయం భయంగా పై మెట్ల మీద ఒకటి మీటాడు. ఆగాడు. ఇంకోటి. ఆగాడు. తర్వాత కింది నుంచి పైదాకా, పై నుంచి కిందిదాకా పరుగెత్తాడు. కళ్లలో నీళ్లు ధారగా కారుతున్నా వేళ్లు ఆగలేదు.

"పద్మా! ఇగ రావే! వినవడ్తుందే!"

"నేను పోయినేడే చెప్పిన" అంది పద్మ గుమ్మంలో నిలబడి. "నేను పొయ్యి కాడ మెల్లగ తిట్టుకుంటే గూడ వినవడ్తది నీకు. చెవులు పోవుడేంది?"

పటేల్‌గూడ

మల్లేశం ఇక ఆగుతాడా! నాలుగు కొట్టేసరికి బండి తీశాడు. వెనక నేను, నా వీపు మీద బేస్. పటేల్‌గూడలో సుబ్బారావుగారింటి ముందు ఆగాం. ఆయనది గుడివాడ దగ్గర, పెద్ద ఇంజనీరింగ్ ప్లాంటులో పని మీద ఎప్పుడో వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ముంగిట్లో గోంగూర మడి, లోపల బందరు లడ్డూ. నన్ను చూసి "ఏలూరమ్మాయివా! రామ్మా, రా, కూర్చో" అన్నారు. నలభై ఏడేళ్లకు అమ్మాయినయ్యాను.

మల్లేశం కూర్చోలేదు. "సార్, కీబోర్డు తియ్యుర్రి. నేను గోడ దిక్కు తిరుగుతా. మీరు ఏది వత్తితే అది వాయిస్తా."

ఆయన ఒక స్వరం ఒత్తారు. మల్లేశం అదే మీటాడు. ఇంకొకటి, అదీ పలికింది. పక్క పక్కనే ఉండే రెండు స్వరాలతో మోసం చేయబోయారు. అందులో కూడా దొరకలేదు. కావాలని కీబోర్డు శ్రుతి ఇంతే ఇంత తప్పించి ఒత్తారు. మల్లేశం గోడ వైపు నుంచే, "సార్, గది జెర కిందికున్నది, మీ చెవులు గిట్ల పోయినయా?" అన్నాడు.

సుబ్బారావుగారు పెద్దగా నవ్వి, లేచి వచ్చి మల్లేశం భుజాలు పట్టుకున్నారు. "ఏడాది పాటు నిన్ను ఉసూరుమనిపించానయ్యా. నా నోరు పడిపోను. ఈసారి చవితికి నువ్వు లేకపోతే నేనూ వాయించను" అన్నారు. ముగ్గురం కలిసి ఒక పెళ్లి పాట ఎత్తుకున్నాం, నేను బల్ల మీద దరువేశాను. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూశారు.

గడియారం ఐదున్నర దాటింది. మల్లేశం బేస్‌ను ఒంటికి అదుముకుని ఉన్నాడు. నాకిష్టం లేకపోయినా అనేశాను. "మల్లేశం, మీరే ఉంచుకోండి. గ్రూపులో నేను వదులుకున్నానని రాస్తాను. గోడాయనకు మాత్రం ఇవ్వకండి."

ఆయన బేస్ పట్టీ తల మీంచి తీసి, నా మెడలో వేశాడు.

"బేస్ ఇంకోటి దొరుకుతది అక్కా" అన్నాడు. "చెవులు యాడ దొరుకుతయి? అవి నువ్వు దెచ్చి ఇచ్చినవ్. తీస్కపో. ఊరికే తీస్కపో."

ఊరికే తీసుకోవడానికి నాకేం వచ్చింది? బాగుపడింది కాబట్టి ముప్పై ఇస్తానని నేను, ఒక్క రూపాయి వద్దని ఆయన. కొనేవాళ్లు పెంచుతుంటే అమ్మేవాడు తగ్గించే బేరం మా ఏలూరు మార్కెట్లో ఎన్నడూ చూడలేదు. సుబ్బారావుగారు ఇద్దర్నీ కసిరి, రాసిన మాటే మాట, ఇరవై అయిదు అని తీర్పు చెప్పారు. ఐదు నలభై ఆరుకి గ్రూపులో రాశాను: "తీసుకున్నా." చాలాసేపటికి గోడాయన "సంతోషం" అని పెట్టాడు. ఆ సంతోషం ఎంతో నాకు తెలుసు.

తిరుగు రైలు

ఆ రాత్రి సుబ్బారావుగారింట్లోనే ఉండి, సోమవారం పగటి రైలెక్కాను. బేస్‌ను పైన పెట్టమన్నారు, పెట్టలేదు. ఒళ్లోనే పెట్టుకున్నాను. ఎదురు సీటాయన "పాపకాండీ?" అని అడిగాడు. "నాదండీ" అన్నాను. ఆ మాట అనడం ఎంత బాగుందో! ఖమ్మం దాకా టీ అమ్మేవాడితో సహా ఎవరడిగినా, అడగకపోయినా అదే చెప్పాను.

ఖమ్మం దాటాక ఫోన్ టింగుమంది. గ్రూపులో ఎవరో విజయనగరం నుంచి బొమ్మ పెట్టారు. నల్లటి బేస్, తెల్లటి అంచు, మెడ మీద ముత్యాల చుక్కలు. అబ్బ! నిన్ననే ఒకటి దక్కింది, అది ఒళ్లోనే ఉంది. అయినా నా బొటనవేలు ఆగిందా? సిగ్గు లేకుండా "నా" అని కొట్టేసింది. మిగతా అక్షరం కొట్టేలోపే కింద ఒక మాట పడింది.

"నాది. కర్దనూర్ మల్లేశం."

దాని వెనకే ఇంకొకటి: "దిమ్మలు ముట్టను అక్కా, ఒట్టు."

కొట్టిన ఒక్క అక్షరం చెరిపేశాను. రైలు పెట్టెలో అందరూ తలలు తిప్పి చూసేలా, "నీదే మల్లేశం, నీదే!" అని గట్టిగా అరిచాను.